డప్పే వాళ్ల ఆంప్లిఫైయర్

అమెరికా హార్డ్‌కోర్ పంక్ కుర్రాళ్లు పెద్ద కంపెనీలను కాదని సొంతంగా రికార్డులు వేసుకున్నారు. వాషింగ్టన్‌లో డిస్కార్డ్ రికార్డ్స్ పుట్టింది 1980లో. అంతకు ఎనిమిదేళ్ల ముందే మన దగ్గర విప్లవ పాటల బృందం జననాట్యమండలి గజ్జె కట్టింది. ఊరి నడిబొడ్డే వేదిక, భుజాన గొంగడి, చేతిలో డప్పు.

పంక్‌వాళ్లకు 'అండర్‌గ్రౌండ్' ఒక ధోరణి. జననాట్యమండలి గాయకుడు గద్దర్‌కు అది అచ్చంగా అజ్ఞాతం. కెనరా బ్యాంకు కొలువు వదిలేసిన ఆయన 1985లో మాయమై, 1990లో నిజాం కళాశాల మైదానంలో జనం ముందుకొచ్చారు. అదే ఏడు మేలో వరంగల్‌లో రైతుకూలీ సంఘం సభకు జనం లక్షల్లో తరలివచ్చారు. 

ఈ పాటకు వేరు ఇంకా లోతున ఉంది. 1946 జూలై 4న జనగామ ప్రాంతంలోని కడవెండిలో విసునూరు దొర మనుషుల తూటాకు దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు. ఆ తెలంగాణ రైతాంగ సాయుధ పోరాట కాలపు పాట 'బండెనక బండి కట్టి'ని 'మా భూమి' సినిమాలో పాడింది గద్దరే. ఏ పంక్ బృందానికీ ఇంతటి వారసత్వం లేదని మా పక్షపాతం!

1997 ఏప్రిల్ 6న గద్దర్ మీద కాల్పులు జరిగాయి. ఒక తూటా వెన్నులోనే ఉండిపోయింది. ఎన్నికల బహిష్కరణను పాడిన ఆ గొంతు 2018లో తొలిసారి ఓటు వేసింది. ఆ మలుపుపై వాదన ఇంకా తెగలేదు.