సంపాదకుని మాట: గాలి త్రోవలు

పగిడ్యాల ప్రాంతమున వేసవి మధ్యాహ్నములందు, పైరుకోసిన చేలపై ఱెక్క కదల్పకయే వలయములుగా తిరుగుచు మింటికెక్కు గ్రద్దలను చూడనివారుండరు. కాగిన నేలనుండి ఎగయు ఉష్ణవాయుధార వానిని మోయుచున్నదని ఎఱిగినవారు కొలదిమంది. ఆ ధారనే ఆశ్రయించి, ఇంజను లేని గుడ్డ ఱెక్కతో మనుష్యుడు ఎగురు విద్యయే పారాగ్లైడింగు. 1978లో ఫ్రాన్సుదేశపు మియుస్సీలో ముగ్గురు పారాచూటువీరులు, విమానముతో పనిలేక, కొండవాలునుండియే పరుగెత్తి గాలిలోనికి లేచిన పిదప దీనికి వ్యాప్తి కలిగినది. మన దేశమున దీనికి ప్రధానపీఠము హిమాచలప్రదేశమునందలి బీర్-బిల్లింగ్. 2015లో ప్రపంచకప్పు పోటీ అచ్చటనే జరిగినది.

బిల్లింగ్ వాలుపై తోటి పైలట్లతో గడపిన దినము నాకు సాహసముకంటె మర్యాదనే అధికముగా నేర్పినది. ఒకడు ఱెక్కను పచ్చికపై పఱచి, సన్నని త్రాళ్లను వ్రేళ్లతో ఒక్కొక్కటిగా విడదీసి, తొడపట్టీలు బిగించుకొనుచుండగా, అనుభవజ్ఞుడైన వేఱొకడు అడుగకయే వచ్చి ఆ బకిల్సులను తానును లాగి చూచెను. అందు అవమానమెవ్వరికిని తోచలేదు. ధారలో ముందు ప్రవేశించినవాడు ఏ దిక్కునకు తిరుగునో, పిదప వచ్చినవాడు ఎంతటి ప్రవీణుడైనను ఆ దిక్కునకే తిరుగవలెను. కొండ తన కుడిప్రక్కనున్నవానికి ఎదుటివాడు దారి ఈయవలెను. వీటన్నిటికంటె అధికముగా నా మనస్సున నిలిచినవాడు, ధౌలాధార్ శిఖరములపై మేఘములు క్రమ్ముట గని, విప్పిన ఱెక్కను మరల మడచి సంచిలో పెట్టుకొని, కాలినడకన కొండ దిగిన పైలటు. ఆతనిని ఎవ్వరును పిఱికివాడనలేదు.

గ్రద్దలను, పైలట్లను ఒకే తీరున మోయు గాలిని తలచి, ఈ సంచికను నల్లమల గాలులకును పక్షులకును కేటాయించితిమి. గ్రద్దలు ఏ వేళ, ఏ గట్టుపై లేచుచున్నవో గమనించిన పాఠకులు మాకు వ్రాసి పంపవలెనని కోరుచున్నాము.