మరిగే నీటికి ఇంకా మంట ఎందుకు?

ఉన్నత పాఠశాల విద్యార్థులను ఎవరినైనా నిలబెట్టి ‘గుప్తోష్ణం అంటే ఏమిటి?’ అని అడగండి. గడగడా అప్పజెబుతారు. నీటి బాష్పీభవన గుప్తోష్ణం గ్రాముకు 540 కెలొరీలని అంకెతో సహా చెబుతారు. వాళ్ల ఇంట్లోనే అన్నం ఎసరు తెర్లుతూ ఉంటుంది, కింద మంట భగభగా మండుతూనే ఉంటుంది. త్వరగా ఉడకాలని ఇంకాస్త పెంచేవారూ ఉన్నారు. పాఠం బడి దాటి పొయ్యి దగ్గరికి రాలేదన్నమాట. ఇది పిల్లల తప్పు కాదు. పదార్థపు మూడు స్థితులను మనం బోధించే తీరులోనే లోపం ఉందని నా అభిప్రాయం.

సముద్రమట్టంలో, తెరిచిన గిన్నెలో నీరు 100 సెంటిగ్రేడు డిగ్రీల దగ్గర మరుగుతుంది. అక్కడికి చేరాక ఎంత మంట పెట్టినా ఉష్ణమాపి అక్కడే నిలిచిపోతుంది. మరి పొయ్యి ఇచ్చే వేడి ఎటు పోతున్నట్టు? ద్రవంలోని అణువులు ఒకదాన్నొకటి ఆకర్షించుకుంటూ దగ్గర దగ్గరగా ఉంటాయి. ఆ పట్టు విడిపించుకుని విడివిడిగా గాలిలోకి పోవడానికే ఆ వేడంతా ఖర్చవుతుంది. అణువుల వేగం పెంచడానికి ఏమీ మిగలదు. వేగం పెరగనప్పుడు ఉష్ణోగ్రతా పెరగదు. కాబట్టి పెద్ద మంట మీదైనా, సన్నని సెగ మీదైనా మరిగే నీటిలో బియ్యపు గింజకు తగిలేది అదే 100 డిగ్రీలు. పెద్ద మంట అదనంగా చేసే పని ఒక్కటే: నీటిని త్వరత్వరగా ఆవిరి చేసి వంటగదిలోకి వదలడం.

లెక్క వేసి చూడండి. 30 డిగ్రీల నీటిని ఒక లీటరు తీసుకుని మరిగే దాకా తేవాలంటే 70,000 కెలొరీలు కావాలి. ఆ లీటరంతా ఆవిరైపోవాలంటే మరో 5,40,000 కెలొరీలు. దాదాపు ఎనిమిది రెట్లు! ఊరికే పావు లీటరు ఆవిరైపోనిచ్చినా 1,35,000 కెలొరీలు పోయినట్టే. దాంతో ఇంకో రెండు లీటర్ల చన్నీటిని ఇంచుమించు మరిగించవచ్చు.

ఇది మన నాయనమ్మలకు తెలియదనుకోకండి. ఎసరు తెర్లగానే కట్టెలు వెనక్కి లాగి, నిప్పుల సెగ మీద అన్నం ఉడికించేవారు. గుప్తోష్ణం అనే మాట వాళ్లు వినలేదు గాని కట్టెలు ఏరి తెచ్చే కష్టం వాళ్లకు తెలుసు.

శాస్త్రంలో కూడా ఈ పాఠం పెరిగింది ఇంధనం ఖర్చును పట్టించుకున్నవారి చేతుల్లోనే. 1760 తర్వాతి సంవత్సరాల్లో గ్లాస్గో విశ్వవిద్యాలయంలో జోసెఫ్ బ్లాక్ ఈ దాగిన వేడిని కొలిచాడు. అక్కడే పరికరాలు తయారుచేసే జేమ్స్ వాట్, కొద్దిపాటి ఆవిరి తన బరువుకు సుమారు ఆరు రెట్లు చన్నీటిని మరిగే దాకా వేడి చేయడం చూసి ఆశ్చర్యపోయాడు. కారణం బ్లాక్ చెప్పాడు. అప్పటి ఆవిరి యంత్రంలో సిలిండరును ప్రతిసారీ చల్లబరచి మళ్లీ వేడి చేయవలసి వచ్చేది. వాట్ ఆవిరిని వేరే పాత్రలోకి పంపి చల్లబరిచాడు, బొగ్గు ఖర్చు బాగా తగ్గించాడు. ఆ పద్ధతికి 1769లో పేటెంటు పొందాడు. అంతటి పాఠం మన దగ్గర రెండు మార్కుల ప్రశ్నగా మిగిలింది.

ఇంధనం కన్న ముఖ్యమైన సంగతి మరొకటి ఉంది. చాలా బొమ్మల్లో కెటిల్ మూతి నుంచి తెల్లని పొగ గీసి ‘నీటి ఆవిరి’ అని రాస్తారు. ఇది నాకు బొత్తిగా నచ్చదు. నిజమైన ఆవిరి కంటికి కనబడదు. మూతికీ తెల్లని పొగకూ మధ్య ఖాళీగా తోచే చోటే అది ఉంటుంది. తెల్లగా కనిపించేది అప్పటికే చల్లబడి సన్నని నీటి బిందువులైపోయింది. బొమ్మను నమ్మి ఆ ఖాళీలో చేయి పెడితే? ప్రతి గ్రాము ఆవిరి చర్మం మీద నీరుగా మారుతూ ముందుగా 540 కెలొరీలు అక్కడే దించేస్తుంది. సలసల కాగే నీరు మీద పడినదానికన్న ఇది ప్రమాదం. (కాలితే వెంటనే ఇరవై నిమిషాలు చల్లని నీటి ధార కింద ఉంచాలి. టూత్‌పేస్టు, సిరా వంటివి పూయకూడదు.) ఇడ్లీలను ఉడికించేదీ ఆ 540 కెలొరీలే. ఇడ్లీ రేకులను నీరు తాకనైనా తాకదు.

నీరు పోవడమే కావలసిన పనులూ ఉన్నాయి, కాదనను. చెరుకు రసం బెల్లం కావాలంటే పెద్ద మంట తప్పదు. చినగంజాం ఉప్పు మళ్లలో ఆ ఖర్చంతా ఎండే భరిస్తుంది. కుక్కరు సంగతి వేరు. మూత బిగించడంతో ఒత్తిడి పెరిగి లోపలి నీరు దాదాపు 120 డిగ్రీల దాకా వేడెక్కుతుంది, పప్పు త్వరగా ఉడుకుతుంది. కాని కూత వచ్చాక అక్కడా మంట తగ్గించవలసిందే.

ఉపాధ్యాయులకు నాదొక సూచన. నిర్వచనం అడిగే బదులు ఈ పని ఇవ్వండి. పెద్దలు దగ్గర ఉండగా ఒకే రకం గిన్నెలు రెండు, ఒకే కొలత నీరు, ఒకే పరిమాణం బంగాళాదుంపలు తీసుకోవాలి. నీరు మరిగాక ఒకదాన్ని పెద్ద మంట మీద, రెండోదాన్ని నీరు మరుగుతూ ఉండేంత చిన్న మంట మీద ఉంచాలి. మగపిల్లలకు మినహాయింపు వద్దు. దుంపలు రెండింటిలోనూ ఇంచుమించు ఒకే సమయానికి ఉడుకుతాయి. చల్లారాక మిగిలిన నీళ్లను కొలపాత్రలో కొలిచి, తేడాను 540తో గుణించి తెచ్చినవారికి మార్కులు వేయండి.