కిడ్నీ జబ్బు ఉన్నవారికి కీళ్ళ నొప్పులు వస్తే

మా ఓపీకి వచ్చే కిడ్నీ రోగుల్లో చాలామంది మొదట చెప్పుకునేది కిడ్నీ గురించి కాదు, మోకాళ్ళ గురించి. "మెట్లు ఎక్కలేకపోతున్నానండీ, రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు" అంటారు. మేము క్రియాటినిన్ ఎంత ఉందో చూసి, బి.పి. మందు రాసి పంపించేస్తే వారు తిన్నగా మందుల షాపుకే వెళ్తారు. తప్పంతా రోగిదే అనడం న్యాయం కాదని మా అభిప్రాయం.

డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటి మాత్రలతో నొప్పి తగ్గే మాట నిజమే. కాని కిడ్నీకి రక్తం సరిగా అందేలా చూసే ప్రోస్టాగ్లాండిన్లను కూడా అవి తగ్గించేస్తాయి. ఇప్పటికే దెబ్బతిన్న కిడ్నీ దీన్ని తట్టుకోలేదు. ఒంట్లో నీరు పోయే మాత్ర, కొన్ని రకాల బి.పి. మాత్రలు వాడుతూ, ఎండలో చెమటోడ్చి వచ్చి, పైన ఈ బిళ్ళ వేసుకుంటే ప్రమాదం ఇంకా ఎక్కువ. డైక్లోఫెనాక్ మాత్రను చట్టప్రకారం డాక్టరు చీటీ మీదే అమ్మాలి. ఆ చీటీ అడుగుతున్నవారు ఎందరు?

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం సంగతి అందరికీ తెలిసిందే. కవిటి, సోంపేట, మందస వైపు కొబ్బరి, జీడి తోటల పల్లెల్లో కిడ్నీ జబ్బు అంతగా ఎందుకుందో ఇంతవరకు తేలలేదు. నొప్పి బిళ్ళలే కారణమని కొందరు తేల్చేస్తారు, మేము అలా అనము. అయితే ఒళ్ళు వంచి పనిచేసేవారికి నొప్పులు తప్పవు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి ప్రారంభమైంది, సంతోషం. కాని డయాలసిస్ దాకా రాకముందే ఆ నొప్పికి సురక్షితమైన దారి చూపించేవారు ఊళ్ళోనే ఉండాలి.

అసలు ఈ నొప్పులన్నీ ఒకటి కావు. యూరిక్ ఆమ్లంలో ఎక్కువ భాగం కిడ్నీల ద్వారానే బయటికి పోతుంది. అవి నీరసిస్తే అది కీళ్ళలో పేరుకుని, కాలి బొటనవేలు ఎర్రగా వాచి, దుప్పటి తగిలినా ఓర్వలేనంత నొప్పి వస్తుంది. (మాంసం తిన్నావు కాబట్టే వచ్చిందని ఇంట్లోవాళ్ళు తిట్టడం విన్నాము. పాపం, అది సగం నిజమే.) ఫాస్ఫరస్ పెరిగి, విటమిన్ డి తగ్గి ఎముకలు బలహీనపడితే వచ్చే నొప్పి వేరు. ఏళ్ళ తరబడి డయాలసిస్ చేయించుకున్నవారికి భుజాల్లో, మణికట్టులో వచ్చేది ఇంకోటి. వయసు మీద పడి అరిగిన మోకాలు మరొకటి. వీటన్నిటికీ ఒకే బిళ్ళ ఎలా సరిపోతుంది?

చాలామందికి డాక్టరు చెప్పిన మోతాదులో పారాసిటమాల్, వేడి కాపడం, ఫిజియోథెరపీ పనిచేస్తాయి. అయితే స్ట్రిప్పు వెనక చదివించుకోండి, పారాసిటమాల్ పక్కనే డైక్లోఫెనాకో ఎసిక్లోఫెనాకో కలిపి ఉండవచ్చు. పేరు లేని నాటు పొడులు, పసరు మందులు అసలే వద్దు, వాటిలో స్టెరాయిడ్లు, సీసం వంటివి కలిసి ఉండవచ్చు. పైపూత మందుకైనా ఒక మాట అడగండి.

"నొప్పి బిళ్ళ వేసుకోవద్దు" అని మాత్రమే చెప్పి ఊరుకోవడం వైద్యం కాదు. బదులు ఏం వాడాలో చెప్పేదాకా మీరు కుర్చీలోంచి లేవకండి. ఈసారి వచ్చేటప్పుడు ఇంట్లో ఉన్న బిళ్ళలన్నీ, సగం వాడిన స్ట్రిప్పులు కూడా, సంచిలో వేసుకుని తీసుకురండి. మేము కోప్పడము.