కమాను కట్టలు

మావాడు పోయిన ఏప్రిల్‌లో ఒక పాత కారు కొన్నాడు. 1973 నాటి ప్లిమత్ డస్టర్, రెండు తలుపులది, 318 ఘనపుటంగుళాల వీ-8 ఇంజను. వాడికంటే ముప్పై ఏళ్ళు పెద్దది. రెండు వేసవులు పిజ్జాలు మోసి దాచుకున్న డబ్బంతా దానికే పోశాడు. నన్ను డాలరు అడగలేదు, సలహా అసలే అడగలేదు. చదువు సంగతిలో మా ఇద్దరికీ మాటపట్టింపు వచ్చి అప్పటికి ఏడాది దాటింది. "తిన్నావా", "తిన్నాను" తప్ప మరో మాట లేని ఇల్లు ఎలా ఉంటుందో తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు.

అలాంటిది ఒక శనివారం పొద్దున్నే గరాజ్‌లోంచి "నాన్నా, కాస్త చెయ్యి వేస్తావా?" అని కేక. కాఫీ కప్పు అక్కడే పెట్టేసి పరిగెత్తాను.

పని ఏమిటంటే, కారు వెనక భాగాన్ని ఎత్తాలి.

డెబ్భైలనాటి అమెరికా వీధుల ఫొటోలు చూసినవాళ్ళకి ఈ అవతారం గుర్తుంటుంది. ముక్కు నేలకి వంగి, తోక ఆకాశానికి లేచి, వెనక రోడ్డు రోలర్లలాంటి టైర్లతో, దూకబోయే పిల్లిలా ఉంటాయి ఆ కార్లు. అదంతా ఉత్త షోకు కాదు. వెడల్పు టైర్లు వేస్తే మడ్‌గార్డుకి రాసుకుంటాయి, అందుకని కారునే పైకి లేపేవాళ్ళు. డ్రాగ్ రేసుల్లో బరువు వెనక్కి పడి టైరు నేలని పట్టుకోవాలన్న లెక్క కూడా కొంత ఉంది. ఆ తర్వాత రేసు మొహం చూడనివాళ్ళు కూడా ఎత్తడం మొదలుపెట్టారు, అది వేరే సంగతి. మేముండేది డెట్రాయిట్ పక్కనే. ఆగస్టులో వుడ్‌వర్డ్ అవెన్యూ మీద పాత కార్ల జాతర జరుగుతుంది, డ్రీమ్ క్రూజ్ అంటారు. ఆ రోజుకి తన కారు ఆ ఫొటోల్లోలాగే ఉండాలని మావాడి కోరిక.

వాడు తెప్పించినవి రెండు రకాల సరుకు. ఒకటి పొడుగు షాకిళ్ళు. వెనక ఇరుసుని మోసే కమాను కట్టకి ముందు కొస బాడీకి బిగించి ఉంటుంది, వెనక కొస షాకిల్ అనే రెండు ఇనప పలకల మధ్య ఊగుతూ ఉంటుంది. ఆ పలకలు పొడుగువి వేస్తే బాడీ పైకి లేస్తుంది. అయితే షాకిల్ మూడంగుళాలు పెంచితే కారు మూడంగుళాలు లేవదు. ఇరుసు కట్ట మధ్యలో ఎక్కడో ఉంటుంది కదా. అందులోనూ క్రైస్లర్ వాళ్ళ కార్లలో ఇరుసు ముందు కొసకి దగ్గరగా ఉంటుంది కాబట్టి లేచేది అంగుళం పైచిలుకు, అంతే. మిగతా ఎత్తు కోసం రెండో సరుకు, గాలి షాకబ్జర్లు. వాటికి రబ్బరు తిత్తులుంటాయి, డిక్కీలో ఉన్న వాల్వులోంచి టైరుకి కొట్టినట్టు గాలి కొడితే కారు తోక లేస్తుంది. చూడ్డానికి భలే సరదాగా ఉంటుంది. నాకూ సరదాగానే అనిపించింది, దాచుకోవడం ఎందుకు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మా మావయ్య విజయవాడలో పాతికేళ్ళు అంబాసిడర్ టాక్సీ నడిపాడు. సెలవులకి వెళితే నన్ను ఆటోనగర్ తీసుకెళ్ళేవాడు. అంబాసిడర్‌కీ ఈ డస్టర్‌కీ ఎముకల గూడు ఒకటేనని కారు కింద దూరేదాకా నాకు తట్టలేదు. ముందు టార్షన్ బార్లు, వెనక కమాను కట్టలు. తిరుపతికి ఎనిమిది మందిని, వాళ్ళ పెట్టెల్ని ఎక్కించుకుని పోవాలంటే మావయ్య ముందురోజే కట్టలు విప్పించి ఒక పట్టీ ఎక్కువ వేయించేవాడు. నీరసించిన పట్టీలైతే అక్కడివాళ్ళు ఒక్కొక్కటే దిమ్మె మీద పెట్టి సుత్తితో కొట్టి మళ్ళీ వంపు తెప్పించేవాళ్ళు. ఆ చప్పుడు ఇప్పటికీ చెవిలో ఉంది. ఒకసారి తోటి డ్రైవరెవరో పట్టీల ఖర్చు దండగని పొడుగు షాకిళ్ళు వేయించుకున్నాడు. మావయ్య చూసి, "వాడి బండి వెనకాల పోకురా, ఎటు ఊగుతుందో దానికే తెలీదు," అన్నాడు.

అంటే నాకు తెలుసు. పానా చేతిలో ఉండగానే తెలుసు. కానీ ఏడాది తర్వాత కొడుకు పక్కన కూర్చుని నట్లు విప్పుతున్నాను. వాడు పాటలు పెట్టాడు. మధ్యలో నవ్వాడు కూడా. "వద్దురా" అంటే ఆ నవ్వు ఆగిపోతుందని భయం. నోరు మూసుకుని బిగించాను.

సాయంత్రానికి తోక నాలుగంగుళాలు లేచింది.

మర్నాడు చినుకుల్లో ఫ్రీవే మీదికి వెళ్ళాం. స్టీరింగు తేలిగ్గా ఉందన్నాడు. తేలిగ్గా ఉండడం కాదది, పట్టు పోవడం. సైకిలు ముందు ఫోర్కు నిట్టనిలువుగా ఉండదు, వెనక్కి వాలి ఉంటుంది. సైకిలు తిన్నగా పోవడంలో ఆ వాలుకీ పాలు ఉంది. కారు ముందు చక్రాలకీ అలాంటి వాలే ఉంటుంది, కాస్టర్ అంటారు. డస్టర్ ముందు ఇరుసుకీ వెనక ఇరుసుకీ మధ్య 108 అంగుళాలు. వెనక నాలుగంగుళాలు లేపితే బాడీ మొత్తం రెండు డిగ్రీలు ముందుకి వంగుతుంది, ఆ వాలు కూడా రెండు డిగ్రీలు తగ్గుతుంది. ఆ కాలపు కార్లకి అది అసలే తక్కువ. వేగం పెరిగేసరికి కింద సన్నగా వణుకు కూడా మొదలైంది. ఇంజను నుంచి వెనక్కి వెళ్ళే ప్రొపెల్లర్ షాఫ్ట్ కీళ్ళ దగ్గర కోణాలు మారిపోయాయి మరి.

ఫ్రీవే దిగే రాంప్, గుండ్రంగా తిరిగే మలుపు. కారు తోక ఒక్కసారిగా పక్కకి ఒరిగింది. పొడుగు షాకిళ్ళ మీద బాడీ అడ్డంగా ఊగింది. గాలి షాకబ్జర్లు రెంటికీ కలిపి ఒకటే గొట్టం పెట్టాం. మలుపులో బరువు పడిన వైపు గాలి నలిగి రెండో వైపుకి పోయింది, అంటే ఒరిగే కారుని ఇంకాస్త ఒరగనిచ్చాం. తడి గడ్డి మీదికి జారి, రెయిలింగుకి బారెడు దూరంలో ఆగాం. దేనికీ తగల్లేదు. వాడి చేతులు స్టీరింగు మీద అలాగే ఉండిపోయాయి.

కాసేపటికి నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట, "ఇలా అవుతుందని నాకు తెలుసురా."

వాడు నా వైపు తిరిగి, "తెలిసి ఎందుకు చెప్పలేదు నాన్నా?" అన్నాడు.

కోపంగా అని ఉంటే బాగుండేది.

మా పక్కింటి పెద్దాయన కార్ల ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్ళు పనిచేసి రిటైరయ్యాడు. మేం నత్తనడకన ఇల్లు చేరడం చూసి, టేపు పట్టుకుని వచ్చాడు. షాకబ్జర్లలో గాలి తీయించి, షాకిళ్ళు పాతవి పెట్టించి, మడ్‌గార్డు అంచు నుంచి నేలదాకా నాలుగు చోట్లా కొలిచాడు. అసలు ఎత్తుకంటే వెనక అంగుళంన్నర దిగిపోయి ఉంది. యాభై ఏళ్ళు మోసిన పట్టీలు, వంపు పోయి బల్లపరుపుగా ఉన్నాయి. "మీరు ఎత్తింది కారుని కాదు, అలసిపోయిన స్ప్రింగుని," అన్నాడు. షాకబ్జర్ తగిలించే చోటు ఊపుని ఆపడానికి చేసింది తప్ప కారు బరువు మోయడానికి కాదని, అక్కడి రేకు చీలిన కార్లు తను చూశానని చెప్పాడు. రేసుల కోసం ఆ రోజుల్లో క్రైస్లర్ వాళ్ళు అమ్మిన కట్టల్లో కుడిదీ ఎడమదీ ఒకలా ఉండేవి కాదట. ఒక్కసారిగా ఆక్సిలరేటర్ తొక్కితే షాఫ్ట్ మెలికకి కుడి చక్రం తేలిపోతుంది కాబట్టి కుడి కట్ట గట్టిగా చేసేవాళ్ళు. ఆ కథ చెబుతూ ఆయన ఇరవై ఏళ్ళవాడైపోయాడు.

చివరికి కుదిరిన ఒప్పందం ఇది. అసలు ఎత్తుకంటే ఒక అంగుళం ఎక్కువ వంపున్న కొత్త కట్టలు. మావాడు నాలుగు అడిగాడు, నేను సున్నా అన్నాను, పెద్దాయన ఒకటి దగ్గర ఆపాడు. ఖర్చు సగం నేను పెట్టుకుంటానంటే వాడు వద్దనలేదు.

మిషిగన్ ఉప్పుకి యూ బోల్టులు ఇనుములా కాక తుప్పులా ఉన్నాయి. కోసి తీశాం. అవి ఎలాగూ మళ్ళీ వాడకూడదు. బాడీని స్టాండ్ల మీద నిలిపి, ఇరుసుని జాకీతో పట్టుకుని, ఒక్కో వైపు మార్చాం. ఉత్త జాకీ మీద ఉన్న కారు కింద ఎంత తొందరైనా దూరకండి. బ్రేకు గొట్టం కొత్త ఎత్తుకి చాలుతుందో లేదో, చక్రం పూర్తిగా వేలాడినప్పుడు లాగి చూశాం. కొలతకి తగిన మామూలు షాకబ్జర్లు వేశాం. కట్ట రెండు కొసల్లోని బోల్టులు మాత్రం గాల్లో ఉండగా బిగించనివ్వలేదు పెద్దాయన. గాల్లో బిగిస్తే ఆ వంకరలోనే రబ్బరు బుష్షు మెలిపడి ఉండిపోతుందట. కారుని నేలకి దించి, ముందుకీ వెనక్కీ నాలుగుసార్లు తోసి, డిక్కీ మీద కూర్చుని ఊగి, అప్పుడు బిగించాం. తర్వాత అలైన్‌మెంట్ షాపులో ముందు చక్రాల కాస్టర్ సరిచేయించి, నేలచూపులు చూస్తున్న హెడ్‌లైట్లు ఎత్తించాం.

అదే రాంప్ మీద మళ్ళీ దిగాం. ఈసారి నన్నే నడపమన్నాడు. వాడు పక్కసీట్లో డాష్‌బోర్డు పట్టుకుని కూర్చుని, మలుపు అయ్యాక చెయ్యి తీశాడు.

వుడ్‌వర్డ్ మీద తీసిన ఫొటో వాట్సాప్‌లో మావయ్యకి పంపాను. ఎనభై దాటాయి, చూపు తగ్గింది, అయినా వేలితో పెద్దది చేసుకుని చూసినట్టున్నాడు. సాయంత్రం ఫోన్ చేశాడు.

"బండి బాగుందిరా. తోక కొంచెం లేచింది. ఖాళీగా ఉంది కదా, ఓ నలుగుర్ని ఎక్కించు, సర్దుకుంటుంది."