‘ఫర్లేదండీ... ఇక్కడ బానే ఉంది!’

కృష్ణా డెల్టాలో ఏ ఊరి పెళ్లికైనా వెళ్లండి. కాస్త పరికించి చూస్తే ఇద్దరు కనిపిస్తారు.

పందిట్లో కుర్చీలు ఖాళీగానే ఉంటాయి. ఆ ఇంట్లో పాలేరుగా చేసి తల నెరిసిన పెద్దాయన మాత్రం చివర గుంజ పక్కనే నిలబడతాడు. ‘రావయ్యా, కూర్చో’ అని పిలిస్తే ‘ఫర్లేదండీ... ఇక్కడ బానే ఉంది’ అంటాడు. రెండో మనిషి పెళ్లికూతురి మేనత్త. పిల్లని ఎత్తుకుని పెంచింది. తలంబ్రాల వేళకి మాత్రం లోపలి గదిలోకి వెళ్లిపోతుంది. భర్త లేడు కదా! ‘నాకిక్కడ బానే ఉందమ్మా’ అంటుంది.

ఎవరూ పొమ్మనలేదు. ఎవరూ అడ్డుకోలేదు. మరి ఆపిందెవరు?

చట్టమైతే కాదు. వితంతు వివాహాన్ని చట్టం 1856లోనే ఒప్పుకుంది. అంటరానితనం రద్దయిందని 1950లో అమల్లోకొచ్చిన రాజ్యాంగం చెప్పింది. దాన్ని పాటించేవారిని శిక్షించడానికి 1955లో ఒక చట్టం, దళితులపై అత్యాచారాల నిరోధానికి 1989లో మరొకటి వచ్చాయి. గుమ్మంలో అడ్డంగా నిలబడ్డవాణ్ని చట్టం పక్కకి లాగగలదు. కానీ ఆ కాపలావాడు మనిషి లోపలే కూర్చుంటే?

వాడు ఊరికే వచ్చి కూర్చోలేదు. భయం తెచ్చి కూర్చోబెట్టింది. తెనాలి దగ్గర చుండూరునే తీసుకోండి. 1991లో సినిమాహాల్లో కాలు తగిలిందన్న తగాదా చినికి చినికి గాలివానయింది. దళితులను వెలివేశారు. ఆగస్టు 6న ఎనిమిది మందిని చంపేశారు. ఆ ఊళ్లోనే ఏర్పాటైన ప్రత్యేక కోర్టు 2007లో 21 మందికి యావజ్జీవ శిక్ష వేసింది. 2014లో హైకోర్టు ఆ కేసులో అందరినీ నిర్దోషులుగా విడిచిపెట్టింది.

ఇది చూసిన తండ్రి కొడుకుతో ఏమంటాడు? ‘మనకెందుకు నాయనా, సర్దుకుపో’ అంటాడు. అది పిరికితనం కాదు, బతకడానికి నేర్చుకున్న పాఠం. చిక్కేమిటంటే, ఆ పాఠం అక్కడితో ఆగదు. దెబ్బ తిన్నది తాత, తడుముకునేది మనవడు. కొన్నాళ్లకి భయం పేరు మారి ‘మర్యాద’ అవుతుంది, ‘అలవాటు’ అవుతుంది, చివరికి ‘నాకిదే ఇష్టం’ అవుతుంది.

ఇందులో ఎదుటివారికి ఓ సుఖం కూడా ఉంది. ‘మేం పిలుస్తూనే ఉంటామండీ, వాళ్లే రారు’ అనేస్తే సరి. తరతరాలుగా వేసిన సంకెలకి తాళం వాళ్ల చేతికే ఇచ్చేసి చేతులు దులుపుకున్నట్టు!

ఈ లోపలి కాపలావాణ్ని గుర్తుపట్టినవారిలో గోరా ఒకరు. గోపరాజు రామచంద్రరావు. కృష్ణా జిల్లా ముదునూరులో 1940లో నాస్తిక కేంద్రం మొదలుపెట్టి, 1947లో విజయవాడకి మార్చారు. తక్కువగా పుట్టడం కర్మఫలమన్న నమ్మకం మనసులో ఉన్నంతకాలం పైవాడూ కిందివాడూ ఇద్దరూ లేవలేరని ఆయన వాదన. గాంధీజీతోనూ ఈ మాటే వాదించారు.

అయితే ఆయన ఉపన్యాసాలతో సరిపెట్టలేదు. సహపంక్తి భోజనాలు పెట్టారు. పక్కపక్కనే ఆకులేసుకుని తింటే పక్కవాడి కంచం మీద భయం, తన కంచం మీద సిగ్గు రెండూ కొంచెం కొంచెంగా కరుగుతాయి. భార్య సరస్వతీ గోరా కడుపుతో ఉండి గ్రహణం వేళ బయట తిరిగారు. చెబితే పోని భయం చూస్తే పోతుంది! కుమార్తె మనోరమకి దళిత కుటుంబానికి చెందిన అర్జునరావుతో పెళ్లి నిశ్చయించారు. ఆ పెళ్లి తన ఆశ్రమంలోనే జరగాలని గాంధీజీ కోరుకున్నారు. చూడటానికి ఆయన మిగల్లేదు. 1948 మార్చి 13న సేవాగ్రామ్‌లో పెళ్లి జరిగింది.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. గోరా దంపతులు అవతలివాళ్లను ‘ధైర్యం తెచ్చుకోండి’ అని మాత్రమే అనలేదు. ముందు తమ ఇంటి పంక్తి మార్చారు. ఉద్యోగాలు పోయినా, వెలి ఎదురైనా వెనక్కి తగ్గలేదు.

ఈ లెక్కన ఇవాళ్టి విజయవాడ అపార్టుమెంట్ల సంగతేమిటి? పటమటలోనో, మొగల్రాజపురంలోనో పనికొచ్చే అమ్మాయి కాఫీ తాగేటప్పుడు సోఫా ఖాళీగా ఉన్నా నేల మీదే కూర్చుంటుంది. ‘పైన కూర్చోమంటే వినదండీ’ అంటుంది ఇంటావిడ, నిజంగా ప్రేమగానే. కానీ ఆ అమ్మాయి కాఫీ తాగే గ్లాసు వంటింటి గట్టు మీద విడిగా బోర్లించి ఉంటుంది. రోజూ తనే కడిగి అక్కడ పెడుతుంది.

పైన కూర్చోమన్న పిలుపు ఆమె చెవికి వినబడుతూనే ఉంది. కళ్లకి మాత్రం ఆ గ్లాసు కనబడుతోంది. ఆమె ఏది నమ్మాలి?