ఆయమ్మకేం తెలుసు?

మా కొత్తకారులో దారి చెప్పేదీ, పాటలు వినిపించేదీ ఒకే యంత్రం. మదనపల్లెలో బయల్దేరుతూ "కురబలకోట" అన్నానో లేదో, పాట జోరు తగ్గించి ఒకావిడ "కుడివైపు తిరగండి" అంది.

"ఎవురబ్బా ఆయమ్మ? మనూరి మనిషేనా?" అన్నాడు వెనకసీట్లోంచి మా నాయన.

నా పాండిత్యం విప్పాను. సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున ఉపగ్రహాలు తిరుగుతుంటాయి. కనీసం నాలుగింటి సంకేతాలు అందితే చాలు. అవి వచ్చేందుకు పట్టిన కాలాన్నిబట్టి కారు తానెక్కడున్నదీ లెక్క కట్టుకుంటుంది.

"ఓహో" అని ఊరుకున్నాడు నాయన.

అదివరకు ఈ దారిలో ఆయన నోరు మూతపడేది కాదు. ఏ బావి ఎవరు తవ్వించారో, ఎక్కడ ఎవరి బండి ఇరుసు విరిగిందో చెబుతూనే ఉండేవాడు. ఇవాళ అడిగే దిక్కులేక కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు.

అంగళ్లు దాటాక ఆవిడ దగ్గరిదారి చూపించింది. అది కాస్తా టమోటా తోట గట్టుమీద ముగిసింది. కారెక్కడుందో ఉపగ్రహాలవల్ల తెలుస్తుంది, నిజమే. పటంలో దారి తప్పుగా ఉంటే అవి మాత్రం ఏం చేస్తాయి?

"నాయనా, ఎట్లా పోవాల?" అన్నాను.

ఆయన దిగి ముందుసీట్లోకి వచ్చాడు. "వెనక్కి తిప్పు. ఆ చింతమాను కాడ ఎడమకు పో. ఆ మాను కిందే మీ తాత ఒకతూరి..."

ఆవిడ నోరు నొక్కేశాను. పాట కూడా ఆపేశాను.

ఊరు వచ్చేసింది, కథ కాలేదు. ఇంజను ఆపి, ఇద్దరం కారులోనే కూర్చున్నాం.