ఎక్కడికీ పోని వంతెన

క్రిందటి వేసవిలో నాన్నగారు మా ఇంటికి వచ్చినప్పుడు, ఒక రోజంతా శాంటా మోనికా పియర్ మీద గడిపాము. లాస్ ఏంజెలెస్ నుంచి మెట్రో రైల్లో వెళ్ళి దిగితే కాస్త దూరం నడకే. పియర్ అంటే మరేమీ కాదు, నీళ్ళలో గుంజలు పాతి, వాటి మీద పలకలు పరచి, సముద్రంలోకి సాగదీసిన బాట.

"ఈ వంతెన ఎక్కడికి పోతుందిరా?" అని అడిగారు నాన్నగారు, పలకల సందుల్లోంచి క్రింద నీళ్ళను చూస్తూ.

"ఎక్కడికీ పోదు నాన్నా. చివరిదాకా వెళ్ళి వెనక్కి రావడమే."

"టిక్కెట్టు ఎంత?"

"లేదు."

ఆయన నమ్మలేదు. భీమునిపట్నం దగ్గర పుట్టి, విశాఖలో ఉద్యోగం చేసిన మనిషి. రేవు అంటే ఆయన మనసులో ముందు మెదిలేది గేటు, ఆ గేటు దగ్గర చూపించవలసిన పాసు. పుట్టినప్పటి నుంచీ సముద్రం ప్రక్కనే బ్రతికినా, పడవ ఎక్కకుండా అలల మీదికి నడిచి వెళ్ళడం అదే మొదటిసారి అన్నారు.

నిజానికి ఈ వంతెనను విహారం కోసం కట్టలేదు. 1909లో దీనిని ప్రారంభించినప్పుడు, మురుగునీటి గొట్టాలను అలలు విరిగే చోటు దాటించడమే దాని ప్రయోజనం. జనం మాత్రం దానిని తమదిగా చేసుకున్నారు. 1916లో ప్రక్కనే రంగులరాట్నపు భవనం వెలసింది. అది నేటికీ ఉన్నది.

1973లో నగరపాలకులు దీనిని కూల్చివేయాలని నిశ్చయించారు. సముద్రంలో ఒక కృత్రిమ ద్వీపాన్ని లేపి, దాని మీద పెద్ద హోటలు కట్టించాలన్నది వారి ఆలోచన. లెక్కల పుస్తకం తెరిచి చూస్తే వారి మాటే సబబుగా కనిపించి ఉండవచ్చు. కానీ ఊరివారు ఊరుకోలేదు. సభలకు వెళ్ళి, వాదించి, ఆ నిర్ణయాన్ని వెనక్కి తీసుకునేలా చేశారు. 1975లో ఓట్లు వేసి, పియర్‌ను పరిరక్షించాలని తీర్మానించుకున్నారు. 1983లో వచ్చిన తుపానులు మూడోవంతుకు పైగా మింగివేస్తే, మళ్ళీ కట్టుకున్నారు. అది పూర్తయ్యేసరికి 1990 వచ్చింది.

రాట్నాల సందడి దాటి చివరకు వెళితే, గాలాలు వేసే జనం కనిపిస్తారు. కాలిఫోర్నియాలో చేపలు పట్టడానికి లైసెన్సు కావాలి గానీ, సముద్రం మీది ఇటువంటి ప్రజా వంతెనల మీద అక్కరలేదు. అక్కడ స్పానిషు తప్ప వేరే భాష రాని ఒక పెద్దాయన ప్రక్కన నాన్నగారు చేరారు. ఇద్దరికీ ఉమ్మడిగా ఉన్న మాట ఒక్కటీ లేదు. ఎర ఎలా గుచ్చాలో సైగలతోనే వాదించుకున్నారు. మధ్యాహ్నానికి బకెట్టులో నాలుగు మాకరెల్ చేపలు చేరాయి. "మన కానాగంతలేరా ఇవి!" అని నాన్నగారు పసిపిల్లవాడిలా సంబరపడ్డారు.

అక్కడే ఒక హెచ్చరిక పలక కూడా ఉన్నది. ఈ తీరంలో దొరికే కొన్ని చేపలను తినరాదని. వాటిలో ఒకటి వైట్ క్రోకర్, మన గొరకకు దూరపు చుట్టం. ఒకప్పుడు కాలువల గుండా సముద్రంలో కలిపిన డీడీటీ, పీసీబీలు వాటి ఒంట్లో చేరడమే కారణం. మురుగును దూరంగా పారవేయడానికి కట్టిన వంతెన మీదనే ఆ పలకను చదవవలసి రావడం నన్ను కలచివేసింది. మనం పారవేసినది ఎక్కడికీ పోలేదు. దాని బరువు ఇప్పుడు మోస్తున్నది, రాత్రి కూరకోసం గాలం వేసేవాడు.

ఇక్కడ అంతా ఉచితమని నేను అనను. రాట్నం ఎక్కితే డబ్బు, కారు నిలిపితే డబ్బు, తినుబండారాల ధరలు చూస్తే ఆకలే పోతుంది. అయినా ఇంటినుంచి పులిహోర పట్టుకెళ్ళి, ఉదయం నుంచి దీపాలు పెట్టేవరకు కూర్చున్న మమ్మల్ని ఎవరూ లెమ్మనలేదు, ఏమి కొన్నారని అడగలేదు. ఒక నగరం తన మనుషులకు ఇవ్వగలిగిన మర్యాద ఇదేనని నా అభిప్రాయం. ఆ మర్యాద పాలకులు తమంతట తాము ఇచ్చినది కాదు. కూల్చవద్దని సామాన్యులు అడ్డుపడ్డారు కనుక మిగిలింది.

మన ఊళ్ళలో చెరువుగట్టు, పాత గ్రంథాలయం, ఆటస్థలం పోయినప్పుడల్లా, "దానివల్ల ఏమి లాభం లెండి" అనేవారిలో నేనూ ఉన్నాను. ఆ మాట తలచుకుంటే ఇప్పుడు సిగ్గు వేస్తున్నది.

తిరుగు రైల్లో నాన్నగారు చాలాసేపు మాట్లాడలేదు. చివరకు, "రేపు మళ్ళీ వెళదామా?" అన్నారు.

మీ ఊరిలో అటువంటి చోటు ఏదైనా మిగిలి ఉన్నదా?